నూనె ఇసుక అంచున

కంటి ఆపరేషన్ చేయించుకోవడానికి విశాఖపట్నం వచ్చిన నాయుడు మావయ్య, ఆటో దిగుతూనే పాత లుంగీలో చుట్టిన పొడుగాటి వస్తువొకటి నా చేతిలో పెట్టాడు. గొడుగేమో అనుకున్నాను. ఎనభై దాటిన మనిషి రైల్లో ఇంత దూరం గొడుగు మోసుకొచ్చాడా అని నవ్వుకుంటూ లుంగీ విప్పాను. ఇనప తల, దాని అడుగున అరిగిపోయిన ఏడు అంకె, నల్లబడిన తోలు పిడి. గోల్ఫ్ కర్ర. ఇంట్లో ఎవరూ చూడటం లేదు. మావయ్య కూడా చెప్పులు విప్పుకోవడానికి గోడ పట్టుకుని తంటాలు పడుతున్నాడు. అయినా నా చెవులు వేడెక్కిపోయాయి. అరవై దాటిన దాన్ని, రిటైరైన స్కూలు టీచర్ని, మనవలున్నదాన్ని, ఆ కర్ర చూడగానే తెల్ల కాన్వాసు జోళ్లు చేత్తో పట్టుకుని నలుగురి మధ్యా నిలబడ్డ పదమూడేళ్ల పిల్లనైపోయాను. కర్రని మళ్లీ లుంగీలో చుట్టేసి బీరువా వెనక పెట్టేశాను. కాఫీ తాగుతావా మావయ్యా అని అడిగాను.

తవిటినాయుడు మావయ్య మా అమ్మకి పెత్తల్లి కొడుకు. శ్రీకాకుళం నుంచి జంషెడ్‌పూర్ వెళ్లి, లారీలు తయారుచేసే ఫ్యాక్టరీలో డ్రాయింగ్ ఆఫీసులో చేరాడు. మా నాన్నని అక్కడికి రప్పించిందీ ఆయనే. మావయ్యకి అన్నీ తెలుసు, అంటే ఆయన ఉద్దేశంలో. పెన్సిలు ఎలా చెక్కాలో, సైకిలు ట్యూబుకి ప్యాచీ ఎలా వెయ్యాలో, బిస్టుపూర్‌లో ఏ దర్జీ కాలరు సరిగ్గా కుడతాడో, అన్నిటికీ ఆయన దగ్గర ఒక ఉపన్యాసం ఉండేది. జర్మనీ నుంచి వచ్చిన ఇంజనీరొకాయన ఈయన గీతలకి ముచ్చటపడి ఆదివారాలు తనతో గోల్ఫ్ మైదానానికి తీసుకెళ్లేవాడట. వెళ్లిపోతూ తన సంచీలోంచి ఒక కర్ర తీసి ఇచ్చి పోయాడు. తక్కిన కర్రలు మావయ్య ఎప్పుడూ ముట్టుకున్నట్టు లేదు. అందుకే ఏడో నంబరు ఒక్కటుంటే చాలు, మిగతావన్నీ డాబుకి అనేవాడు.

మేం టెల్కో కాలనీలో ఉండేవాళ్లం. నాన్న ఫౌండ్రీలో మోల్డరు. ఇసుకలో నూనె కలిపి, అచ్చులు కట్టి, కాల్చి, అందులో కరిగిన ఇనుము పోసే చోటు అది. షిఫ్టు బస్సు దిగి నాన్న ఇంట్లోకి వస్తుంటే ఆయనకన్నా ముందు ఆ కాలిన నూనె వాసన వచ్చేది. జుట్టులో, చెవుల్లో, గోళ్ల కింద నల్ల ఇసుక. అమ్మ బొగ్గుల కుంపటి మీద నీళ్లు కాచి సిద్ధంగా ఉంచేది. స్నానమయ్యాక చోడి అంబలి, అంటే రాగి జావ, చెంబుతో తాగి, తల తుడుచుకుంటూ పెరట్లో కూర్చునేవాడు. మాటలు తక్కువ. నన్ను పేరు పెట్టి కాక గుంటా అనే పిలిచేవాడు, మా వైపు ఆడపిల్లని అలాగే అంటారు. కోపం వచ్చినా, సంతోషం వచ్చినా మెడ మీద మచ్చ గోక్కోవడమే. ఆ మచ్చ ఇనుము చిందినప్పటిది.

పెరడు మా అమ్మ రాజ్యం. కంపెనీ క్వార్టరైతేనేం, వెనకాల నేలంతా ఎర్రమట్టి వేసి చదును చేసి పేడతో అలికి, అద్దంలా ఉంచేది. వడియాలు అక్కడే, మిరపకాయలు అక్కడే, బియ్యం చెరగడమూ అక్కడే. అమ్మ పుట్టింట్లో ధాన్యం నూర్చే కళ్లంలోకి చెప్పులతో అడుగుపెడితే మా తాత ఊరుకునేవాడు కాదట. గింజ పడే చోటు దేవుడి చోటు అని. ఆ కళ్లాన్ని అమ్మ జంషెడ్‌పూర్ దాకా మోసుకొచ్చింది. వంటింటి గుమ్మం దాటితే ఎవరైనా సరే చెప్పులు విప్పాల్సిందే. మీటరు చూడ్డానికొచ్చిన మనిషి చేత కూడా బూట్లు విప్పించిన ఘనత మా అమ్మది. మాకది ఆచారంలాగా కూడా అనిపించేది కాదు. అలికిన నేల కనిపిస్తే కాళ్లు వాటంతట అవే చెప్పుల్లోంచి బయటికొచ్చేసేవి.

ఆ రోజుల్లోనే నాన్నకి ప్రమోషను వచ్చింది. పనివాడిగా చేరి ఆఫీసరైనవాళ్లు అప్పట్లో అరుదు. అమ్మ కాలనీలో తెలుగిళ్లన్నిటికీ బూరెలు పంచింది. కానీ ఆ బూరెల తీపి ఎన్నాళ్లో నిలవలేదు. నిన్నటిదాకా ఒకే బల్ల మీద భోంచేసిన పాత స్నేహితులు నాన్నని చూసి లేచి నిలబడటం మొదలుపెట్టారు. ఆఫీసర్ల భోజనాల గది వేరే. అక్కడ తెల్లగుడ్డ పరిచిన పెద్ద బల్ల చివర నాన్న కూర్చుంటే, నమస్కారం పెట్టేవాళ్లే తప్ప పలకరించేవాళ్లు లేరు. వాళ్ల మాటలన్నీ ఆదివారం ఆట గురించే. అటు పాత బల్లా పోయి, ఇటు కొత్త బల్లా దక్కక, నాన్న రెంటికీ చెడ్డవాడయ్యాడు. ఇదంతా ఆయన చెప్పలేదు. సగం తిని వచ్చిన ఆకలి మొహం చూసి అమ్మే ఒకటొకటిగా లాగింది. అందుకే, చలికాలంలో ఒక ఆదివారం ఆఫీసర్లందరూ పిల్లల్ని తీసుకుని గోల్ఫ్ మైదానానికి రావాలనీ, పెద్దా చిన్నా జంటగా ఒకే కర్రతో వంతులవారీగా కొట్టాలనీ, ఊరికే సరదాకనీ కబురొచ్చినప్పుడు, మా ఇంట్లో అది సరదా కాలేదు. ఆ ఒక్క పొద్దు నలుగురితో సమానంగా నిలబడితే, సోమవారం ఆ బల్ల దగ్గర తనకీ ఒక మాట దక్కుతుందని నాన్న ఆశ.

మావయ్య కర్ర పట్టుకుని వాలిపోయాడు. అమ్మ షరతు పెట్టింది. పెరట్లో ఆడుకోండి, కాళ్లు కడుక్కుని దిగండి, వడియాల జోలికి వెళ్లకండి. అలా నేనూ నాన్నా ఉత్తకాళ్లతో, పేడ అలికిన నేల మీద, గుడ్డపీలికలు చుట్టి కట్టిన బంతితో గోల్ఫ్ నేర్చుకున్నాం. కిటికీ అద్దాలకి భయపడి అసలు బంతి ముట్టుకోలేదు.

మావయ్య చెప్పిన పాఠం చిన్నదే. కాళ్లు భుజాలంత ఎడంగా పెట్టు. బంతి రెండు కాళ్లకీ మధ్యన ఉండాలి. మోకాళ్లు కొంచెం సడలించు. కర్రని వెనక్కి రొమ్ము ఎత్తు దాకా తీసుకెళ్లు, ముందుకీ రొమ్ము ఎత్తు దాకే రానీ. తిరగాల్సింది నడుం, చేతులు దాని వెంట వస్తాయి. బంతి పోయాక కూడా కళ్లు నేల మీదే ఉండాలి. ఆఖరికి పొట్ట బంతి వెళ్లిన వైపు తిరిగి ఉండాలి. అంతే. నాకు బాగానే పట్టుబడింది. నాన్నకే రాలేదు. జీవితమంతా సమ్మెట, పార పట్టిన చేతులు. కర్రని పట్టుకుంటే మెడ నరాలు తేలేవి. భుజం దాకా ఎత్తి నేలని బాదేవాడు. అమ్మ అలికిన నేల పెచ్చులు లేచిపోయేది.

"బావా, ఇది సుత్తి కాదు. ఎవులి మీద కోపం నీకు? తడిగుడ్డ పిండినట్టు పట్టీసినావు. ఒగ్గీ, కొంచెం వదులుగా ఒగ్గీ" అనేవాడు మావయ్య.

నాన్న మచ్చ గోక్కుని మళ్లీ మొదలుపెట్టేవాడు. చివరికి దారి చూపించింది అమ్మ. వంటింటి గుమ్మంలో కూర్చుని మజ్జిగ చిలుకుతూ, వెనక్కెంతో ముందుకీ అంతే కదా, కవ్వం తాడు లాగినట్టు లాగమని చెప్పన్నయ్యా అంది. అది నాన్నకి అర్థమైంది. ఇంట్లో కవ్వం చప్పుడు వినిపించినంతసేపూ ఆయన ఊపు కుదిరేది. చప్పుడు ఆగితే మళ్లీ సమ్మెటే. పాపం అమ్మ, చిలకడానికి మజ్జిగ లేకపోయినా నీళ్లు పోసుకుని చిలికేది. గుంటలోకి బంతిని తోసే చిన్న దెబ్బకి కూడా అదే కర్ర. పిడిని బాగా కిందికి పట్టుకుని, మణికట్టు కదలకుండా, చీపురుతో నెమ్మదిగా ఊడ్చినట్టు. గుంట కోసం అమ్మ ఒక ఇత్తడి గిన్నెని నేలలో పాతనిచ్చింది. అంత ప్రేమ మా మీద ఎప్పుడూ చూపించలేదు.

నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నాకు సిగ్గు పడటమే ఒక పనిగా ఉండేది. పేడ వాసనకి సిగ్గు, అంబలికి సిగ్గు, అమ్మ గోచీ పోసి కట్టిన చీరకి సిగ్గు. అమ్మానాన్నలు తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేదాన్ని. గుమ్మం లోపల నానా, గుమ్మం దాటితే పాపా. నాన్న రెంటికీ ఒకేలా పలికేవాడు.

ఆ ఆదివారం పొద్దున దల్మా కొండల మీద మంచు ఇంకా విడలేదు. నాన్న కొత్త నల్ల బూట్లు, నేను డ్రిల్లు క్లాసుకి కొన్న తెల్ల కాన్వాసు జోళ్లు. ముందు రాత్రే సుద్దముక్క రుద్ది ఆరబెట్టాను. మైదానంలో పిల్లలంతా మెరిసిపోతున్నారు. వాళ్ల నాన్నలకి పెద్ద పెద్ద సంచీలున్నాయి కానీ ఆ పూటకి అందరి చేతిలోనూ ఒక్కటే కర్ర. అది చూసి నాకు ధైర్యం వచ్చింది. నాన్న డిపార్టుమెంటు పెద్దసాబ్, ఆయన భార్యా మా గుంపులోనే పడ్డారు. నాన్న మొదటి దెబ్బ బంతి తలమీద తగిలి, అది చీమలా పాకింది. ఎవరూ నవ్వలేదు. తర్వాత నా వంతు. కళ్లు నేల మీద పెట్టి, అమ్మ కవ్వాన్ని తలుచుకుని ఊపాను. బంతి లేచింది. అంత సులువుగా, అంత చప్పుడు లేకుండా ఒక వస్తువు నా చేతిలోంచి దూరం వెళ్లడం నాకు మొదటిసారి. షాబాష్ బేటీ అన్నాడు సాబ్. నాన్న తర్వాతి దెబ్బ కూడా తిన్నగా పడింది. సాబ్ ఆయన పక్కకొచ్చి నడుస్తూ, ఎక్కడ నేర్చుకున్నావు నర్సింగ్ బాబూ అని అడిగాడు. అప్పలనర్సయ్య అన్న పేరు వాళ్ల నోట ఎప్పుడూ నర్సింగే. నాన్న జవాబు చెబుతూ నవ్వాడు. ఫౌండ్రీ దుస్తుల్లో లేని నాన్న నవ్వడం నేను వెనకనుంచి చూశాను. అప్పుడాయన వాళ్లలో ఒకడిగానే ఉన్నాడు.

గుంట ఉండే చోటికి చేరాం. ఇప్పుడక్కడ పచ్చిక పెంచారని విన్నాను. అప్పట్లో పచ్చిక ఉండేది కాదు. గుండ్రంగా, మన కళ్లమంత చోటు, ఇసుకలో నూనె కలిపి చదును చేసి ఉంచేవారు. బ్రౌన్ అనేవారు దాన్ని. ఒక గీతైనా లేకుండా, అప్పుడే ఎవరో అలికి వెళ్లినట్టుంది. పైగా ఆ నూనె ఇసుక వాసన నాన్న వాసన. నేను ఏమీ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే చేసేదాన్ని కాదు. కాళ్లు వాటంతట అవే జోళ్లలోంచి బయటికొచ్చేశాయి. జోళ్లు అంచున జతగా పెట్టి, ఉత్తకాళ్లతో లోపలికి నాలుగడుగులు వేశాక గానీ చుట్టూ నిశ్శబ్దం తెలియలేదు.

"అరే, మందిర్ హై క్యా?" అన్నారు ఎవరో ఆడమనిషి. గుడా ఇది అని.

అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. పిల్లలు బొమ్మని చూసి నవ్వినట్టు. వెనక్కి పరిగెత్తి జోళ్లు చేతిలోకి తీసుకున్నాను కానీ, అరికాళ్లకి నల్లటి నూనె. తొడుక్కుంటే తెల్లవి పాడైపోతాయి, తొడుక్కోకపోతే నవ్వుతారు. నాన్న వంక చూశాను. ఆయన బూట్లతోనే బ్రౌన్ అంచున నిలబడి ఉన్నాడు. నా వంక చూశాడు. మచ్చ గోక్కున్నాడు. తర్వాత వంగి బూటు తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు.

పాపా వద్దు, జూతే పహన్ లో, బూట్లు వేసుకో అని గొణిగాను. ఆయన వినలేదో, వినిపించుకోలేదో. కొత్త తాళ్లు ముడి పడి తొందరగా రాలేదు. అందరూ చూస్తూ నిలబడ్డారు. ఒక మేజోడుకి మడమ దగ్గర చిరుగు. ఆ కాలి మీద ఫౌండ్రీ మచ్చలు చింతగింజల్లా. నా చేతిలోని జోళ్లు తీసుకుని అంచున పెట్టి, పక్కనే తన బూట్లు పెట్టాడు. నవ్వు రెట్టింపైంది. నర్సింగ్ బాబూ, ప్రసాదం ఎప్పుడు పెడతారు అన్నాడు సాబ్. నాన్న కర్రని కిందికి పట్టుకుని బంతిని తోశాడు. గుంట దాటిపోయింది. నేను తోశాను, దగ్గరిదాకా వెళ్లి ఆగింది. ఆయన పూర్తి చేశాడు. తర్వాత అక్కడున్న చెక్కతో మా పాదాల గుర్తులు చదును చేశాడు. తక్కినవాళ్ల గుర్తులు బూట్లవి. మావి వేళ్లతో సహా పడ్డాయి. అవి చెరిగిపోయేదాకా నేను తలెత్తలేదు.

నా మీద కన్నా నాకు ఆయన మీద ఎక్కువ సిగ్గేసింది. పదమూడేళ్ల పిల్లకి తెలియకపోతే పోయింది, ఆఫీసరైన మనిషికి తెలియదా? ఒక్కరి పరువు పోవాల్సిన చోట ఇద్దరిదీ పోయింది. దారంతా హిందీలోనైనా ఒక్క ముక్క మాట్లాడలేదు. ఇంటికొచ్చాక అమ్మ కిరసనాయిలు గుడ్డతో మా కాళ్లు తుడిచింది, ఏమీ అడగలేదు. నాన్న ఆ సాయంత్రమే కర్ర తీసుకుని మావయ్య ఇంటికి వెళ్లి ఇచ్చేసి వచ్చాడు. కాన్వాసు జోళ్ల లోపలి నూనె మరక ఎంత ఉతికినా పోలేదు. ఆ ఏడంతా డ్రిల్లు క్లాసుకి అవే తొడుక్కున్నాను.

ఆ భోజనాల గదిలో నాన్నకి మాటైతే దక్కింది. రాగానే ఎవరో ఒకరు, ఆయియే నర్సింగ్ బాబూ, జూతే ఉతారియే అనేవారట. జోళ్లు విప్పండి అని. ప్రేమగానే. కొన్నాళ్లకి అమ్మ మళ్లీ టిఫిను డబ్బా కట్టడం మొదలుపెట్టింది. ఫౌండ్రీలో తన గది తలుపేసుకుని ఒక్కడే తినేవాడు. రిటైరయ్యేదాకా అంతే. నాన్నకి తెలియకపోవడం వల్ల నాన్న నష్టపోయాడని నేను లెక్క కట్టుకున్నాను. ఆయన పోయినప్పుడు కూడా ఆ లెక్క అలాగే ఉంది.

ఇప్పుడు మా మనవడు వారాంతాల్లో గోల్ఫ్ నేర్చుకుంటున్నాడు. సంచీ నిండా కర్రలు, ఊపుని ఫోనులో తీసి చూపించే గురువు. ఆ పిల్లవాడికి ఏ అంచున ఏం చెయ్యాలో అన్నీ ముందే తెలుసు. చూసి సంతోషిస్తాను. సంతోషంతో పాటు కొంచెం బెంగ కూడా, ఎందుకో చెప్పలేను.

కంటికి కట్టు విప్పిన రోజు సాయంత్రం మావయ్య కర్ర ఏదని అడిగాడు. బీరువా వెనక నుంచి తీసిచ్చాను. పిడి తడుముకుంటూ, ఇది మీ నాన్నకివ్వాల్సింది, నేను పోయేలోపు నీకైనా ఇద్దామని తెచ్చాను అన్నాడు. నాకు ఉక్రోషం వచ్చింది. ఆ బ్రౌన్ మీద జోళ్లతో నడవాలన్న ఒక్క ముక్క నాన్నకి చెప్పి ఉంటే సరిపోయేది కదా మావయ్యా, అన్ని పాఠాలు చెప్పావు అన్నాను. ఆయన మసక కళ్లతో నా వైపు తిరిగాడు.

"నాను సెప్పలేదని ఎవులన్నారు నీకు? ముందునాడు సాయంత్రం మీ నానని తీస్కెల్లి సూపించినాను కదా. జోల్లతోనే దాని మీద నడిసినాడు, కొట్టినాడు. నీకు సెప్పడమే మర్సిపోనాం ఇద్దరం. ఆ తప్పు మాది."

మరి తెలిసీ ఎందుకు విప్పాడు, వద్దు పాపా అన్నాను కూడా, అని అడిగాను. అడుగుతున్నప్పుడే నా గొంతు నాకు పరాయిగా వినిపించింది.

"నానూ అదే అడిగినాను, కర్ర ఇచ్చీడానికి వచ్చినప్పుడు. ఇంత కష్టపడి నేర్సుకున్నావు, బూట్లు తియ్యకపోతే నిన్నెవులూ ఏటీ అనీవోరు కాదు కదా బావా అన్నాను." మావయ్య కర్రని ఒళ్లో పెట్టుకున్నాడు. "గుంట ఒక్కర్తీ నిలబడిపోనాది బావా, అన్నాడు. అంతే. ఇంకేటీ అన్లేదు."

మావయ్యకి కళ్లలో మందు వేసి పడుకోబెట్టి, కర్ర పట్టుకుని డాబా మీదికి వెళ్లాను. చెప్పులు మెట్ల దగ్గరే ఉండిపోయాయి. కాళ్లు ఎడంగా పెట్టి, పిడి పట్టుకుని, కళ్లు నేలకేసి నిలబడ్డాను. అన్నీ గుర్తున్నాయి. కానీ ఊపలేకపోయాను. ఇన్నేళ్లూ సిగ్గుపడాల్సింది దేనికో తెలియకుండానే సిగ్గుపడ్డాను. నా పక్కన ఖాళీగా ఉన్న చోటు వంక చూస్తూ, నానా అన్నాను, తెలుగులోనే.